రేట్లు పెరిగాయా, మనం కొనే చోటు మారిందా?

ఆ మధ్య పేపర్లో ధరలు తగ్గాయని పెద్ద హెడ్డింగ్. 2025 అక్టోబర్ లెక్కల్లో దేశం మొత్తం మీద రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగిన లెక్క, 0.25 శాతమేనంట, తిండి సామాన్లు ఒక్కటే చూస్తే మైనస్ 5 శాతమంట, తెలంగాణలో అయితే అంతకుముందు జూన్, జూలైల్లోనే మొత్తం లెక్క మైనస్‌లోకి పోయిందంట. మా ఆయన అది పైకి చదివి నాకేసి చూశాడు, ఏమీ అనలేదు, కానీ ఆ చూపుకి అర్థం నాకు తెలుసు కదా, ఊరందరికీ తగ్గితే మనింట్లో బిల్లు ఎందుకు పెరుగుతోంది అని. ఒళ్ళు మండి ఫోన్లో ఉన్న బిల్లులు, డబ్బాలో పడేసిన చీటీలు అన్నీ ముందేసుకుని కూర్చున్నా.

పేపర్ వాళ్ళు అబద్ధమేం చెప్పట్లేదు. ఆ శాతం పోయిన ఏడాది అదే నెలతో పోల్చి తీసేది, 2024 అక్టోబర్‌లో కూరగాయలు ఎలా మండాయో గుర్తుందా, అప్పుడు ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతం, అంత ఎత్తులో ఉన్నదానితో పోలిస్తే ఏదైనా తగ్గినట్టే ఉంటుంది. టమాటా, ఉల్లి, ఆలుగడ్డ, పప్పులు ఇవన్నీ నిజంగానే దిగాయి. కానీ నూనె దిగలేదు, కొబ్బరికాయ దిగలేదు, కాఫీ పొడి దిగలేదు. మా ఇంట్లో కాఫీ పడకపోతే అత్తయ్యకి తెల్లారదు, ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ లేకపోతే పిల్లలు ప్లేటు ముట్టరు, మరి ఇలాంటి ఇంటికి వేరే ద్రవ్యోల్బణం లెక్క ఎవరేస్తారు?

నూనె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో వాడే వంట నూనెలో సగానికి పైగా బయట నుంచే వస్తుంది, పామాయిల్ ఇండోనేషియా, మలేషియా నుంచి, సన్‌ఫ్లవర్ ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్ వైపు నుంచి. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడి నూనెగింజల రైతుకి రేటు రావాలని కేంద్రం దిగుమతి సుంకం పెంచింది, ముడి నూనె మీద అన్నీ కలిపి 5.5 శాతం ఉన్నది ఒక్కసారిగా 27.5 అయింది. పండగల ముందు. అప్పుడు పెరిగిన రేటు రాత్రికి రాత్రి పెరిగింది. మళ్ళీ 2025 మే నెలాఖర్లో ఆ సుంకాన్ని 16.5కి తగ్గించారు, సరే ఇక దిగుతుందిలే అని చూస్తే "పాత స్టాకమ్మా, కొత్తది రావాలి" అంటాడు షాపు వాడు. పెరిగేటప్పుడు మాత్రం పాత స్టాకు ఎవరి దగ్గరా ఉండదు, అదేం విచిత్రమో.

ఇంకో మాయ ప్యాకెట్టులో ఉంది. ఒక లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు. అదివరకు ప్యాకెట్టు అంటే అరలీటరు, లీటరు, రెండు లీటర్లు, అంతే. 2022లో తూనికలు కొలతల రూల్స్ మార్చి, ఫలానా సైజులోనే ప్యాక్ చేయాలన్న షరతు తీసేశారు, అప్పటి నుంచి అదే ఎత్తు, అదే రంగు, అదే పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ, లోపల మాత్రం 850 గ్రాములు, 800 గ్రాములు, కొన్నిట్లో 750 కూడా. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలీదు. మొన్న నేను చూసినవి రెండు ప్యాకెట్లు, ఒకటి 158 రూపాయలు, ఇంకోటి 145. ఎవరైనా 145దే తీస్తారు. కానీ 158ది 910 గ్రాములు, అంటే కేజీ 174 లోపు పడింది, 145ది 800 గ్రాములు, కేజీ 181 పైన పడింది. చవక అనుకున్నదే కేజీకి ఏడున్నర రూపాయలు ఎక్కువ.

ఆ రూల్స్‌లోనే ఒక మంచి కూడా చేశారు, ప్యాకెట్టు మీద గ్రాముకి ఎంతో లేదా కేజీకి ఎంతో వేయాలి. ఎమ్మార్పీ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది చూడండి, 0.17, 0.18 అని. పైసా తేడానే కదా అనిపిస్తుంది కానీ గ్రాముకి పైసా అంటే కేజీకి పది రూపాయలు. ఐతే అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క, షాపు వాడు తగ్గించి అమ్మితే మనమే ఫోన్ తీసి భాగారం చేసుకోవాలి. నేను నడవాకి అడ్డంగా నిలబడి లెక్కలేస్తుంటే మా అమ్మాయి నేనెవరో తెలీనట్టు అవతలి వరసలోకి వెళ్ళిపోతుంది.

బియ్యం మాత్రం నేను సూపర్‌మార్కెట్లో కొనను, యాప్‌లో అసలే కొనను. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం, పప్పు, పిండి 25 కేజీల వరకు అయితే 5 శాతం జీఎస్టీ, 25 దాటితే లేదు. మన మిల్లుల వాళ్ళు ఊరుకుంటారా, 25 కేజీల బస్తా కాస్తా 26 కేజీల బస్తా అయి కూర్చుంది. ఇప్పుడు బియ్యం కొట్టుకి వెళ్ళి పాతిక కేజీలు అంటే ఇరవయ్యారే ఇస్తారు. నాకిది తిరకాసుగానే అనిపిస్తుంది, ఒక్కసారే పదిహేను వందలు పెట్టగలిగినవాళ్ళకి పన్ను లేదు, నెలకి ఐదు కేజీల ప్యాకెట్టు కొనుక్కునేవాళ్ళకి ఉంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు సర్ది నెయ్యి, బిస్కెట్లు, నూడుల్స్ అన్నిటికీ తగ్గించారు, ఈ 5 శాతం మాత్రం అలాగే ఉంచారు.

పన్ను సంగతి ఎలా ఉన్నా బియ్యం కొట్లో చూసి కొనొచ్చు. బస్తా మూతి విప్పి గుప్పెడు అరచేతిలో పోస్తాడు, రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికితే పాతవైతే టక్కున విరుగుతాయి, కొత్తవైతే పంటి కింద పిండిలా నలుగుతాయి. ప్యాకెట్టు మీద ఎంత పెద్దక్షరాల్లో పాత బియ్యం అని రాసినా నోట్లో వేసుకుని చూడలేం కదా. బీపీటీనో హెచ్‌ఎంటీనో జైశ్రీరామో ఇంట్లో ఒక రకం అలవాటు పడితే ఇక మార్చకూడదు, మారిస్తే నీళ్ళ కొలత తప్పి వారం రోజులు ముద్దన్నమే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ అసలు బియ్యం కొనడమే మానేసింది, 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ మీద మనిషికి 6 కేజీల సన్నబియ్యం ఇస్తున్నారు, అదివరకు దొడ్డు బియ్యం ఇడ్లీలకి, దోసెలకి వాడి తినడానికి వేరే కొనుక్కునేది. ఈ ఏడాది ఖర్చు నిజంగా తగ్గింది అని నాతో అన్న ఒకే ఒక్క మనిషి ఆవిడే.

పప్పుల విషయానికొస్తే కందిపప్పు 2024లో 180 దాకా పోయి ఏడిపించింది, 2025లో బాగా దిగింది. ఐతే దిగిందని నాకు తెలిసింది మా వీధి చివర సేటు కొట్లో, సూపర్‌మార్కెట్లో కాదు. సేటు విడిగా తూచి ఇస్తాడు, మార్కెట్లో రేటు మారితే మరుసటి లోడుకి ఆయన రేటు కూడా మారుతుంది. అదే పైన కిటికీ ఉన్న అందమైన ప్యాకెట్టు, పాలిష్ చేయనిది, అర కేజీది, దాని మీద ఎమ్మార్పీ మాత్రం మార్కెట్లో ఏం జరిగినా కదల్లేదు. పైగా దాన్ని రెండు కొంటే ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు పెట్టారు, ఆ తగ్గింపు తర్వాత కూడా సేటు విడిపప్పు కంటే కేజీకి ముప్పై పైనే ఎక్కువ పడింది. విడిపప్పులో రాళ్ళుంటాయి, పురుగుంటుంది అంటారు, ఉంటే చాటలో పోసి చెరిగితే పోతుంది, అసలు మా సేటు పప్పులో ఇంతవరకు నాకు రాయి తగల్లేదు. ఒక్క తాండూరు కందిపప్పు దగ్గర మాత్రం రేటు చూడను. 2022లో దానికి ఆ ఊరి పంట అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, ఉడికాక ఆ పప్పు వాసనే వేరు, ముద్దపప్పు ఆవకాయ కలుపుకునే రోజుకి అదుండాలి.

కూరగాయలకి రైతుబజారు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి ఇవి, హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువ, బయట కంటే తక్కువ ఉండేలా రోజూ పొద్దున్నే రేటు కట్టి బోర్డు మీద రాయాలన్నది అసలు ఉద్దేశం. ఇప్పటికీ బోర్డు రాస్తారు. లోపల కూర్చున్న వాళ్ళంతా రైతులేనా అంటే నన్నడక్కండి, కొందరి చేతులు చూస్తే తెలిసిపోతుంది, కానీ బోర్డు ఉంది కాబట్టి ఎంత వ్యాపారి అయినా దానికి మరీ దూరం పోలేడు. కూకట్‌పల్లి రైతుబజారుకి ఆదివారం పదింటికి వెళ్తే జనం తప్ప ఏమీ కనపడదు, ఏడు లోపు వెళ్ళాలి. ఆకుకూరల దగ్గర కూర్చునే ఒక పెద్దావిడ నన్ను లేటుగా చూసినప్పుడల్లా "గిప్పుడొస్తే ఏముంటది బిడ్డా, పొద్దుగాల రావాలె" అని తిడుతూనే మిగిలిన తోటకూర కట్టలన్నీ నా సంచిలో తోసి చివర్లో గుప్పెడు కరివేపాకు, రెండు రెబ్బల పుదీనా పైన పడేస్తుంది. ఆ కొసరే యాప్‌లో పదో పదిహేనో పెట్టి ప్యాకెట్టుగా కొనాలి.

యాప్‌ల దగ్గరే అసలు నా బిల్లు చిల్లు కనపడింది. అందులో ఏదీ ఖరీదుగా కనపడదు, అదే వాళ్ళ తెలివి. బెండకాయలు 19 రూపాయలు అని ఉంటుంది, చిన్నక్షరాల్లో 250 గ్రాములు అని ఉంటుంది, అంటే కేజీ 76. దాని మీద హ్యాండ్లింగ్ ఛార్జీ, బుట్టలో తక్కువ ఉంటే దానికో ఛార్జీ, వానొస్తే వాన ఛార్జీ, 2025 సెప్టెంబర్ నుంచి డెలివరీ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ. ఇవి వద్దనుకుంటే ఇంకో నలభై రూపాయలకి ఏదో ఒకటి కొనాలి, కొత్తిమీర కట్ట కోసం ఫోన్ తీసి చిప్స్‌తో, ఐస్‌క్రీమ్‌తో బయటపడతాం. నెలాఖరున కూడితే మా ఇంట్లో ఆ చిల్లర ఆర్డర్లన్నీ కలిపి బియ్యం, పప్పు, నూనె మూడిటి మీద పెట్టినదాని కంటే ఎక్కువ వచ్చింది. రేట్లు పెరగడం అంటే నూనె మీద సుంకం ఒక్కటే కాదన్నమాట, రోడ్డు మీద పదడుగులు వేసి కొనుక్కునే వస్తువుని గుమ్మం దగ్గరికి తెప్పించుకోవడం కూడా. ఏ ద్రవ్యోల్బణం లెక్కలోనూ ఇది నా పేరు మీద రాసి ఉండదు.

అలాగని యాప్ తీసేయలేదు. అత్తయ్యకి మోకాళ్ళు నొప్పి, నేను ఆఫీసులో ఉన్నప్పుడు పాలు విరిగిపోతే ఆవిడ మూడంతస్తులు దిగి వెళ్ళలేదు, మా లిఫ్టు సంగతి ఇంకో పోస్టులో రాస్తా. ఆమెకి అది అవసరం. నాకు, పిల్లలకి కాదు. అందుకని మా ఫోన్లలో తీసేసి ఆవిడ ఫోన్లో ఉంచా, పిల్లలకి చిప్స్ కావాలంటే నానమ్మని బతిమాలుకోవాలి, ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కునే లోపు సగం కోరికలు వాటంతటవే పోతున్నాయి.

ఇక సంక్రాంతి సామాన్లు. అరిసెలకి కొత్త బియ్యమే కావాలి, పాతవైతే పాకంలో పిండి సరిగా కలవదు, బియ్యం కొట్లో కొత్తవి ఎటూ తక్కువే. నువ్వులు, నూనె సేటు దగ్గర చెప్పేశా, నూనె ఈసారి డబ్బానే తీసుకుంటున్నా, విడి ప్యాకెట్ల గోల లేకుండా. బెల్లం దగ్గరే పేచీ. సేటు దగ్గర తెల్లగా మెరిసే అచ్చు బెల్లం ఉంది, రేటు కూడా తక్కువ, అత్తయ్య మాత్రం అనకాపల్లి బెల్లం ముదురు రంగుదే కావాలంటారు, తెల్లది మందేసి తీసినదని ఆవిడ గట్టి నమ్మకం. వైజాగ్ నుంచి మా ఆడపడుచు పండక్కి వస్తోంది, రెండు దిమ్మలు తెమ్మని చెప్పాం. రైలు టికెట్టు ఎటూ పెట్టుకుని వస్తుంది కాబట్టి రవాణా ఛార్జీ వేయట్లేదు.