వెనక్కి వచ్చెయ్, మై లవ్!

కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌ల్యాండ్ దీవిలో, సముద్రంలో తేలుతూ వచ్చి ఒడ్డు దగ్గర నేలకు తట్టుకుని ఆగిన మంచుకొండను చూసి, ఫోన్ పట్టుకుని రాళ్ల మీదికి దిగితే వెనకనుంచి కేక పడుతుంది: "వెనక్కి వచ్చెయ్, మై లవ్!" ఇక్కడి ఊళ్లలో ముక్కూ మొహం తెలియనివాళ్లనీ అలాగే పిలుస్తారు, తిట్టేటప్పుడు కూడా. మనవాళ్లకి చురుక్కుమంటుంది. తుపానులు చూసినవాళ్లం, ఒకటో నంబరు హెచ్చరిక అంటే ఏమిటో తెలిసినవాళ్లం, సముద్రం గురించి మనకా చెప్పేది అని.

చెప్పాల్సిందే. మన తుపాను రెండు రోజుల ముందే కబురు పెడుతుంది. మంచుకొండ కబురు పెట్టదు. పదింట తొమ్మిది వంతులు నీళ్లలోనే ఉంటుంది. అడుగున ఒక పక్క ఎక్కువ కరిగితే తూకం తప్పి ఒక్కసారిగా బోర్లా పడుతుంది. అప్పుడు లేచిన అల రాళ్ల మీద నిలబడ్డవాళ్లను ఈడ్చుకుపోగలదు. ఆ నీళ్లలో చలికి నిమిషాల్లోనే కాళ్లూ చేతులూ పనిచేయవు. ఎంత ఈత వచ్చినా అంతే.

పడవలో వెళ్లినా లెక్క ఉంది: కొండ పొడవంత దూరం, లేదా ఎత్తుకి రెట్టింపు, ఏది ఎక్కువైతే అది. 2017 ఏప్రిల్‌లో ఫెర్రీల్యాండ్ దగ్గర ఆగిన కొండ ఎత్తు సుమారు 46 మీటర్లు. ఎత్తు లెక్కనే 92 మీటర్లు ఎడం ఉండాలి. పొడవు అంతకన్నా ఎక్కువైతే ఇంకా దూరం జరగాలి.

గ్రీన్‌ల్యాండ్ పడమటి తీరంలో విరిగి, రెండు మూడేళ్లు తిరిగి, లాబ్రడార్ అనే చల్లటి సముద్ర ప్రవాహం వెంట ఇవి దిగివస్తాయి. మే, జూన్ నెలలు మంచి అదను. ట్విల్లింగేట్, బోనవిస్టా, సెయింట్ ఆంథనీ పేరున్న చోట్లు. సెయింట్ జాన్స్‌లో కారు లేని విద్యార్థులు సిగ్నల్ హిల్‌కి నడిచి వెళ్లొచ్చు. బయల్దేరే ముందు ఎక్కడ కనబడ్డాయో చూపే మ్యాపు చూడండి, పొగమంచు ఉందేమో కూడా చూడండి, లేకపోతే అంత దూరం పోయి తెల్లటి గోడను చూసి రావాలి. జూన్‌లోనైనా గాలి ఆపే జాకెట్ తప్పదు. ట్విల్లింగేట్ నుంచి రాత్రిపూట తిరుగు ప్రయాణం పెట్టుకోకండి, రోడ్డుకి అడ్డంగా మూస్‌లు, అంటే భారీ దుప్పులు, వస్తాయి.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన చిన్న ముక్క దొరికితే గ్లాసు నీళ్లలో వేయండి. వేల ఏళ్ల కిందట చిక్కుకున్న గాలి చిటపటలాడుతూ బయటికొస్తుంది. ఆ చప్పుడు ఇంటికీ వినిపించొచ్చు: మనలాగే వీళ్ల గడియారంలోనూ ఒక అరగంట ఉంది కాబట్టి వేసవిలో ఇండియాతో తేడా సరిగ్గా 8 గంటలు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి వీడియో కాల్ చేస్తే ఇంట్లో రాత్రి తొమ్మిది, భోజనాలు అయిపోయుంటాయి. గ్లాసు ఫోనుకి దగ్గరగా పెట్టండి, అమ్మకి వినిపిస్తుంది.