పక్షవాతం తర్వాత నా రక్తపరీక్షలు

ఉన్నట్టుండి కుడిచెయ్యి బరువెక్కింది, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లారు. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక, నాలుగున్నర గంటల గడువు దాటకముందే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందట. మెడలోని ఎడమ ధమని గోడకు కొవ్వు పేరుకుని ఉంది గానీ, ఆపరేషన్ అవసరమయ్యేంత ఇరుకు కాలేదన్నారు.

మర్నాడు వచ్చిన రిపోర్టులో సీఆర్‌పీ 14 అని ఉంది, పక్కన పైకి చూపే బాణం. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 118. దాని పక్కన ఏ గుర్తూ లేదు. బాణం చూసి మా ఆవిడ హడలిపోయింది. డాక్టరు గారు మాత్రం రెండో అంకె మీద వేలుపెట్టి, "మనం దించాల్సింది దీన్నమ్మా" అన్నారు.

సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రొటీన్. శరీరంలో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకో ఇన్‌ఫెక్షన్‌కో శరీరం స్పందించడం వల్ల వచ్చే వాపు) ఉన్నా పెరుగుతుంది. మెదడు కణాలు దెబ్బతినడమే అందుకు చాలు. మంచం పట్టినవారికి ఊపిరితిత్తుల్లోనో మూత్రంలోనో ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. అందుకే నాకు ఛాతీ, మూత్రం పరీక్షలు చేశారు. ఏమీ లేదని తేలాక గానీ మా ఆవిడ మనసు కుదుటపడలేదు.

118 మామూలు మనిషికి పెద్ద లెక్కలోది కాదు. ధమనిలో పూడిక ఉండి పక్షవాతం వచ్చినవాడికి 70 లోపు ఉండాలి. ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలోకి దూరితే తెల్ల రక్తకణాలు దాన్ని మింగి అక్కడే పేరుకుపోతాయి. ఇన్‌ఫ్లమేషన్ వల్ల ఆ పూడిక మీది పొర పలచబడి చిట్లుతుంది, చిట్లినచోట గడ్డ కడుతుంది. ఇది విన్నాక నా రిపోర్టులోని ఆ రెండు అంకెలకూ ఉన్న చుట్టరికం తెలిసింది. అటార్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు రాశారు. అది కొలెస్ట్రాల్‌తోపాటు సీఆర్‌పీనీ కొంత తగ్గిస్తుంది. మొదట్లో తొడలు నొప్పిపుట్టాయి. మందు మానకుండా వెళ్లి చెప్పాను. పరీక్ష చేసి కండరాలకు హాని లేదన్నారు.

చెయ్యి మాత్రం మందులతో రాలేదు. ఫిజియోథెరపీలో చొక్కా గుండీలతో కుస్తీ పట్టాను. బొటనవేలు గుండీని కాజా దాకా తెచ్చి అక్కడే వదిలేసేది. ఇప్పుడు మెడ దగ్గరి గుండీ ఒక్కటే మొరాయిస్తోంది.

నెలలు గడిచి, జ్వరం, జలుబు ఏమీ లేనప్పుడు మళ్లీ రక్తం ఇచ్చాను. ఎల్‌డీఎల్ 64, సీఆర్‌పీ 1.6. ఈసారి లైపోప్రొటీన్-ఎ అనే, ఎల్‌డీఎల్ లాంటిదే మరో కొవ్వు రేణువును కూడా చూడాలన్నారు. అది చాలావరకు వంశపారంపర్యం. నాకు ఎక్కువగా ఉంటే మా అబ్బాయికీ చేయించాలి.