లా ఫెర్టే మెట్ల మీద

ఫ్రాన్స్‌లోని సెడాన్ ఊరి నుంచి కారులో ఓ అరగంట. విల్లీ పల్లె దగ్గర చిన్న గుట్ట ఎక్కితే లా ఫెర్టే కోట, మాజినో లైన్‌కి పడమటి కొస. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీని ఆపడానికి ఫ్రాన్స్ సరిహద్దు పొడవునా కట్టుకున్న కోటల వరస అది. కోట అన్నారు కదా అని బురుజులు ఊహించుకుని వెళ్లాను. కనిపించినవి గడ్డిలో రెండు కాంక్రీటు దిమ్మలు, వాటి మీద ఉక్కు టోపీలు. మిగతాదంతా నేల కింద.

మే నెల ఎండ చూసి జాకెట్ కారులోనే వదిలేశాను. బుద్ధి తక్కువ పని. గైడ్ వెనకాల మెట్లు దిగుతుంటే చలి ఎముకల్లోకి పాకింది. కింద, 30 మీటర్లకు పైగా లోతున, రెండు దిమ్మలనీ కలిపే సొరంగం. ఎంత బాంబులేసినా ఇక్కడికి దెబ్బ తగలదని కట్టారు. నిజంగానే తగల్లేదు.

చిన్న కోట కాబట్టి దీనికి సొంత ఫిరంగులు లేవు. దూరం నుంచి కాపు కాయాల్సింది పక్కనున్న షెనోవా కోట. 1940 మే 18న రెండో దిమ్మ మీది టరెట్‌కి, అంటే పైకి లేచి కిందికి దిగే ఉక్కు తుపాకీ గూడుకి, జర్మన్ గుండు తగిలి, అది పైకి లేచి ఉండగానే బిగుసుకుపోయింది. జర్మన్ సైనికులు పాకుతూ వచ్చి దాని మీద మందుగుండు పెట్టి పేల్చారు, ఏర్పడిన సందులోంచి మరికొంత లోపలికి విసిరారు. మంటలు లేచాయి. లోపలివాళ్లు సొరంగంలోకి దిగారు. వాళ్ల వెనకాలే పొగ దిగింది.

అందరికీ గ్యాస్ మాస్కులున్నాయి. కానీ అవి కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపలేవు. కోట కమాండర్ లెఫ్టినెంట్ బుర్గిన్యోఁతో సహా 107 మంది. ఒక్కరూ మిగల్లేదు. ఇది విన్నప్పుడు మేం సొరంగంలోనే ఉన్నాం. ఊపిరి బాగానే ఆడుతోంది, అయినా నా చెయ్యి గొంతు మీదికి వెళ్లింది. పైకెక్కేటప్పుడు గుంపులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ టరెట్ ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగే ఉంది. చుట్టూ గుండ్లు తవ్విన గుంటల్లో గడ్డి మొలిచింది.

దగ్గర్లోనే సమాధులు. జర్మన్లు శవాలను ఎక్కడో ఒకచోట పూడ్చేశారు. అందులో 17 మంది జాడ 1973 దాకా తెలియలేదు. 33 ఏళ్లు. ఈలోగా ఎంతమంది తల్లులు పోయారో.