మా ఊళ్లో జ్వరాలన్నీ సోమవారమే మొదలయ్యాయట!

నిన్ననే జిల్లా ఆఫీసులో మీటింగు అయింది. ఈసారి చీవాట్లు పడలేదు. పోయినసారివి మాత్రం ఇంకా చెవిలో మోగుతూనే ఉన్నాయి, అందుకే వేడి తగ్గకముందే రాసేస్తున్నా. పీహెచ్‌సీ ల్యాబులో కొత్తగా చేరి, వానాకాలం డెంగీ రిపోర్టింగు నెత్తిన పడ్డవాళ్లకి పనికొస్తుంది.

రిపోర్టింగు పోర్టల్ లాగిన్, పాస్‌వర్డు తిప్పలు ఒక పూట. ఫారాలు మూడే. లక్షణాలు చూసి ఏఎన్‌ఎం నింపేది ఎస్, అనుమానం మీద డాక్టరు రాసేది పీ, ల్యాబులో తేలినవి ఎల్. 2004లో ఐడీఎస్‌పీ, అంటే జబ్బుల మీద నిఘా పెట్టే కేంద్ర కార్యక్రమం, మొదలైన నాటి పద్ధతే ఇది. అప్పట్లో సోమవారం నుంచి ఆదివారం దాకా వారం లెక్క వెళ్లేది, అదీ చాలావరకు మొత్తం ఎన్ని కేసులన్న అంకెల్లోనే. 2021 ఏప్రిల్‌లో ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ పోర్టల్ దేశమంతా వచ్చాక మనిషికో వరుస అయింది. కేసుల్లేని రోజు గడి ఖాళీగా వదలొద్దు, సున్నా కొట్టండి. సున్నా అంటే చూశాం, లేవు అని. ఖాళీ అంటే మనం అసలు చూడనే లేదని.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. నా పరువు తీసింది ఒకే ఒక్క గడి: జ్వరం మొదలైన తేదీ.

పోయిన నెల మీటింగులో మా మండలం గ్రాఫు తెర మీద వేశారు. తేదీల వారీగా కేసుల గీతలు. మిగతా మండలాలవి కొండల్లా మెల్లగా లేచి మెల్లగా దిగుతున్నాయి. మాది చూస్తే వారానికో తాటిచెట్టు, మధ్యలో బీడు. తాటిచెట్లన్నీ సోమవారాలే. "ఏం బాబూ, మీ మండలంలో జ్వరానికి సోమవారమే ముహూర్తమా?" అన్నారు సారు. హాలంతా నవ్వు. పక్క మండలం వాళ్లయితే మరీ బల్ల కొట్టి నవ్వారు.

సంగతేమిటంటే సోమవారం ఓపీ ఎక్కువ, రక్తం తీసేదీ ఆ రోజే ఎక్కువ. ఓపీ చీటీ మీద జ్వరం ఎప్పటినుంచో రాసి ఉండదు. తేదీ కొట్టకపోతే తెర ముందుకు కదలదు. అందుకని రక్తం తీసిన తేదీనే అక్కడా కొట్టేశాను. ఈ పని చేసింది నేనొక్కణ్నే కాదు, దొరికింది మాత్రం నేనే.

ఆ తేదీ తప్పితే మూడు చోట్ల దెబ్బ. ఒకటి, టెస్టు తారుమారవుతుంది. ఎలైజా అంటే ల్యాబులో యంత్రం మీద చేసే రక్తపరీక్ష. జ్వరం మొదలైన 5 రోజుల్లోపైతే వైరస్ ముక్కని పట్టే ఎన్‌ఎస్1 ఎలైజా, ఆ తర్వాతైతే ఒంట్లో పుట్టే యాంటీబాడీని పట్టే ఐజీఎం ఎలైజా. రెండో రోజు రక్తానికి ఐజీఎం చేస్తే నెగెటివ్ వస్తుంది, డెంగీ లేదనుకుని ఇంటికి పంపేస్తాం. రెండు, జ్వరాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది గ్రాఫులో తెలియదు. మూడు, దోమ ఎక్కడ కుట్టిందో దొరకదు. కుట్టాక జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది. తేదీ నుంచి అన్ని రోజులు వెనక్కి వెళ్లి, అప్పుడు మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో అడగాలి. కూలికి వేరే ఊరెళ్లి అక్కడ కుట్టించుకుని వస్తే, మనం ఇక్కడ ఇంటి చుట్టూ కొబ్బరి చిప్పలు బోర్లించి ఆ ఊరిని వదిలేస్తాం.

సరే, తేదీ అడుగుదామని కూర్చుంటే అసలు కష్టం అప్పుడు తెలిసింది. "ఎప్పటినుంచి?" అంటే "మొన్నటి నుంచి" అంటారు. మన మొన్నకి హద్దు లేదు. నిన్నటి ముందు రోజూ మొన్నే, పోయిన నెలా మొన్నే. "ఎన్ని రోజులు?" అంటే అందరూ మూడో నాలుగో అంటారు. కాబట్టి రోజులు అడగొద్దు, ఇవాళ్టి నుంచి వెనక్కి పనులు అడగండి. నిన్న పొలం వెళ్లావా అన్నా? సంత రోజు బజారుకెళ్లావా? ఆదివారం కూర తిన్నావా, నోటికి చేదనిపించిందా? ఎక్కడ "లేదు, అప్పటికే పడుకున్నా" అంటారో అక్కడ ఆగి క్యాలెండరు చూడాలి. బడి పిల్లలకైతే మొదట బడి మానేసిన రోజు, హాస్టలు పిల్లలకైతే వార్డెన్ రిజిస్టరు.

నాకు బాగా పనికొచ్చింది మాత్రల షీటు. జేబులోంచి తీయించండి. పది పారాసిటమాల్‌లో ఏడు అయిపోయాయి, రోజుకు మూడు వేసుకున్నారు అంటే రెండు రోజులు దాటింది. దానికి ముందు ఒళ్లునొప్పులతో దుప్పటి కప్పుకున్న రోజు కలపాలి. మనిషికి రెండు నిమిషాలు పట్టదు. తేదీని ఓపీ చీటీ వెనకే రాయించమని డాక్టరు గారిని ఒప్పించాను. ఇప్పుడు నా రిజిస్టరులో తేదీ లేని వరుస ఒక్కటి చూపించండి, టీ నేను పోయిస్తా. పక్క మండలం వాళ్లకి కూడా.

శాంపిల్ సంగతి. ప్లెయిన్ ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్లు, గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్ తిప్పి సీరం (పైన తేలే పసుపు నీరు) వేరు చేసి, 2 నుంచి 8 డిగ్రీల్లో వ్యాక్సిన్ క్యారియర్‌లో, అంటే ఐసు డబ్బాలో, ఎలైజా చేసే ల్యాబుకి పంపాలి. రక్తాన్ని అలాగే ఫ్రీజరులో పెడితే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, అవతల పారేస్తారు. పేరు స్కెచ్ పెన్నుతో రాయకండి, ఐసు చెమ్మకి చెరిగిపోతుంది. ప్లాస్టరు ముక్క మీద పెన్సిల్‌తో రాసి అంటించండి.

ఇక ప్రైవేటు ల్యాబుల కార్డు టెస్టులు, అంటే చిన్న ప్లాస్టిక్ కార్డు మీద రక్తం చుక్క వేసి నిమిషాల్లో చూసేవి. రెండు గీతలు చూపించి "డెంగీ పాజిటివ్" అని చీటీ ఇచ్చేస్తారు, ఇంటిల్లిపాదీ ప్లేట్లెట్ల భయంతో పట్నం పరుగెత్తుతారు. దోమల జబ్బుల జాతీయ కార్యక్రమం లెక్కలో కార్డు పాజిటివ్ అంటే అనుమానిత కేసే, నిర్ధారణకి ఎలైజా కావాలి. ఆ చీటీ చూసి ఎల్ ఫారంలో ఎక్కించారో, మళ్లీ తెర మీదకి ఎక్కుతారు. అలాగని చీటీ చించేయొద్దు. ఆ మనిషి రక్తం మళ్లీ తీసి పంపండి, ఇంటి చుట్టూ తొట్లు, డ్రమ్ములు చూడమని ఆశా అక్కకి ఆ రోజే చెప్పండి. ఎలైజా ఫలితం వచ్చేలోగా లార్వా దోమైపోతుంది.

ఫలితం వచ్చాక కొత్త వరుస తెరవకండి, పాత వరుసలోనే దిద్దండి. ఫోన్ నంబరుతో వెతికితే దొరుకుతుంది. పేరుతో వెతికితే వెంకటేశులు ఇంగ్లీషు స్పెల్లింగు నాలుగు రకాలుగా వస్తుంది, ఒక్క మనిషే నలుగురు రోగులవుతాడు.