నొప్పి లేదు, టెస్ట్ మాత్రం ఉంది

"నొప్పి తగ్గిందిగా, ఇంకా మందులెందుకు?" అని మా నాన్నని అందరూ అడిగేవాళ్లే. దుప్పటి అంచు బొటనవేలికి తగిలినా విలవిల్లాడిపోయిన రాత్రులు ఆయనకే తెలుసు. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్లు నొప్పెట్టే గౌట్‌కి, ఆ యాసిడ్‌ని తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన కొత్తలో నొప్పి తిరగబెట్టింది కూడా. కీళ్లలో పేరుకున్న యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కరిగేటప్పుడు అలా అవుతుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి మందు ఆపలేదు. డోసు కుదిరేదాకా కొన్ని వారాలకోసారి రక్తపరీక్ష, ఇప్పుడు 6 నెలలకోసారి. యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. ఆ స్ఫటికాలు చర్మం కింద గడ్డలు కట్టినవాళ్లకైతే 5 లోపు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, బీపీ కూడా చూస్తారు. వేలి నొప్పి గురించి అడిగేవాళ్లే గానీ కిడ్నీల సంగతి ఎవరికీ పట్టదు, నాకు అసలు టెన్షన్ అదే! మొన్నటి రిపోర్టులో యూరిక్ యాసిడ్ 5.4 వచ్చింది. నాన్న కళ్లజోడు సవరించుకుని, "మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అన్నారు.