నవోదయ పరీక్ష: సీటు ఎక్కడెక్కడ జారిపోతుంది

ఐదో తరగతి పిల్లకాయలున్న ఇళ్లలో బడులు తెరిచేసరికి ఒకటే మాట: "నవోదయకు రాయిస్తున్నారా?" నవోదయ అంటే ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా కేంద్రం నడిపే హాస్టల్ బడి, చేరాలంటే ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష రాయాలి. రాయించటం తేలికే, దరఖాస్తుకు రూపాయి ఖర్చు లేదు. సీటొస్తే ఏడేళ్ల పాటు తిండి, పడక, పుస్తకాలు, యూనిఫాం అన్నీ విద్యాలయమే చూసుకుంటుంది. తొమ్మిదో తరగతి నుంచి వికాస్ నిధి అనే ఫీజు నెలకు 600 రూపాయలు కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ఆ ఫీజూ లేదు. నెల్లూరు జిల్లా వాళ్లకు మర్రిపాడు మండలం కృష్ణాపురంలో, ఉమ్మడి ప్రకాశం వాళ్లకు ఒంగోలులో, తర్లుపాడు మండలం కలుజువ్వలపాడులో విద్యాలయాలున్నాయి. ఒక్కోదానిలో ఆరో తరగతికి మహా అయితే 80 సీట్లు. తెలివైన పిల్లలకే వస్తాయంటారు గానీ, జిల్లా మొత్తంలో తెలివైన పిల్లలు 80 మందే ఉంటారా? రావాల్సిన వాళ్లకు రాకపోవటానికి కారణాలు చాలావరకు చిన్నవి, ముందే తెలిసినవి.

మొదటిది పుస్తకంలో ఉండదు, బడి రిజిస్టరులో ఉంటుంది. సీట్లలో కనీసం 75 శాతం, అంటే 80లో 60, పల్లె పిల్లలకే. పల్లె అంటే అమ్మానాన్నల ఊరు కాదు, బిడ్డ చదివిన బడి ఉన్న ఊరు. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లెలోని సర్కారు బడిలోనో గుర్తింపు ఉన్న బడిలోనో సంవత్సరం పొడుగునా చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణంలోని బడిలో పేరున్నా అర్బన్ కిందే లెక్క. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. "కోచింగ్ బాగుంటుంది" అని నాలుగో తరగతిలో బిడ్డను తీసుకుపోయి కావలిలోనో కనిగిరిలోనో చేరుస్తారు. మంచి చేద్దామనుకుని అరవై సీట్ల పోటీలోంచి తీసి మిగిలిన ఇరవై సీట్ల పోటీలో పడేసినట్టే. వేసవిలో, ఆదివారాల్లో పోయి నేర్చుకుంటే ఇబ్బంది లేదు. పేరు మాత్రం ఊరి బడిలోంచి కదలకూడదు, బిడ్డ కూడా ఆ బడికే పోతుండాలి. పేరు ఒకచోట ఉంచి బిడ్డను హాస్టల్లో పెట్టటం అనే తెలివి చాలాచోట్ల నడుస్తుంది. హాజరు, స్టడీ సర్టిఫికెట్లు ఎదురెదురు పెట్టి చూసే రోజు వచ్చినప్పుడు దానివల్ల సీటే పోతుంది.

ఐదో తరగతి ఏ జిల్లాలో చదువుతుంటే ఆ జిల్లా విద్యాలయానికే రాయాలి, నివాసమూ అక్కడే ఉండాలి. ఐదో తరగతికి గుంటూరు, విజయవాడ పంపారంటే నెల్లూరు సీటు మరిచిపోవచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరులోకి, గూడూరు తిరుపతిలోకి, అద్దంకి, చీరాల బాపట్లలోకి పోయాయి. కొత్త జిల్లాకు విద్యాలయం రానంతవరకు పాత జిల్లా సరిహద్దే చూస్తారు. ఆ ప్రాంతాల వాళ్లు దరఖాస్తులో జిల్లా ఎంచుకునే ముందు ఆ ఏటి ప్రాస్పెక్టస్ చదివి తీరాలి.

పుట్టిన తేదీ కూడా ఇప్పుడే చూసుకోండి. 2026 ప్రవేశాలకు 2014 మే 1 నుంచి 2016 జూలై 31 లోపు పుట్టినవాళ్లు అర్హులు. ఏటా ఇది ఒక్కో ఏడు ముందుకు జరుగుతుంది. ఆధార్‌లో ఒక తేదీ, బడి రిజిస్టరులో ఒక తేదీ ఉంటే నాలుగో తరగతి సెలవుల్లోనే సరిచేయించాలి. బీసీ పిల్లలకు రిజర్వేషన్ 27 శాతం కేంద్రం ఓబీసీ జాబితా ప్రకారం ఇస్తారు. మామూలుగా బడికి ఇచ్చే కుల సర్టిఫికెట్ కాకుండా కేంద్రం నమూనాలో ఉన్నది కావాలి. ఫలితాలొచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పని ముందే పెట్టుకుంటే మేలు. రెండోసారి రాసే వీలు లేదు. ఐదో తరగతి మళ్లీ చదివించి రాయిద్దామనుకున్నా కుదరదు.

పేపరు 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. ఒక్కో ప్రశ్నకు 1.25. బొమ్మల విభాగం, అంటే మెంటల్ ఎబిలిటీ, 40 ప్రశ్నలు. లెక్కలు 20, భాష 20. తప్పుకు మార్కు కోయరు. సగం మార్కులు బొమ్మలవే కావటంతో అందరూ వాటి మీదే పడతారు. నా లెక్క వేరు. నాలుగు నెలలు సరిగా చేస్తే బొమ్మల్లో చాలామంది పిల్లలు దాదాపు ఒకే చోటికి చేరతారు. తేడా వచ్చేది లెక్కల్లో, అదీ లెక్క రాక కాదు, ప్రశ్న సరిగా చదవక.

ముందు బొమ్మల సంగతి. పది రకాలు, ఒక్కో రకానికి నాలుగు ప్రశ్నలు. వేరుగా ఉన్న బొమ్మ, సరిగ్గా అలాంటిదే వెతకటం, ఖాళీ పూరించటం, వరసలో తర్వాతది, పోలిక, త్రిభుజం, చతురస్రం, వృత్తాలను పూర్తిచేయటం, అద్దంలో బొమ్మ, కాగితం మడిచి చిల్లు పెట్టటం, ముక్కలు కలపటం, దాగిన బొమ్మ. అన్నీ బొమ్మలే, ఒక్క మాటా ఉండదు. వీటిని పుస్తకంలో చూపించి నేర్పటం మొదలుపెట్టటమే పొరపాటు. చేతికివ్వాలి.

చిల్లుల కాగితం చూడండి. నోటుబుక్కు కాగితాన్ని చదరంగా కత్తిరించి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మడవమనండి. ఇప్పుడు చేతిలో నాలుగు పొరల చిన్న చదరం ఉంటుంది. దాని నాలుగు మూలలూ ఒకటి కావు. రెండు మడతలూ కలిసే మూల అసలు కాగితానికి నడిబొడ్డు. దానికి ఎదురుగా, పొరలు విడివిడిగా ఉన్న మూల అసలు కాగితానికి అంచు మూల. మడతలు కలిసే మూల దగ్గర చిల్లు పెడితే విప్పాక నాలుగు చిల్లులు నడుమ గుమిగూడతాయి. విడి మూల దగ్గర పెడితే నాలుగు మూలలకూ పోతాయి. మడత అంచు మీద అరచందమామ కోస్తే విప్పినప్పుడు రెండు పూర్తి గుండ్రాలొస్తాయి. కలిసే మూలనే కత్తిరిస్తే నడుమ ఒకే ఒక్క చిల్లు. ప్రతిసారీ విప్పక ముందు ఎన్ని చిల్లులొస్తాయో, ఎక్కడొస్తాయో బిడ్డ గీసి చూపించాలి, ఆ తర్వాతే విప్పాలి. ఇరవై కాగితాలు ఇలా పాడయ్యాక పుస్తకం తెరవండి. అప్పుడు కాగితం అవసరం లేకుండా కంటితోనే చేస్తారు.

అద్దానికి గడ్డం గీసుకునే చిన్న అద్దం చాలు. గీత నిలువుగా ఉంటే కుడి ఎడమలు మారతాయి, పైకిందులు మారవు. ఈ ముక్క పిల్లలకు నోటికొచ్చినా బాణం గుర్తు ఏటవాలుగా ఉంటే తడబడతారు. ముక్కలు కలపటానికి పెళ్లిపత్రిక అట్టను నాలుగు ముక్కలు కోసి ఇవ్వండి. దాగిన బొమ్మలో సైజు మారదు, తిరగదు. పిల్లలు పెద్దదిగా కనిపించినదాన్నో తలకిందులైనదాన్నో పట్టుకుంటారు. వరస ప్రశ్నల్లో బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చూడనీయకండి. ఒక్క చుక్కను వేలితో వెంబడించమనండి: ఏ మూల నుంచి ఏ మూలకు పోయింది, ఎన్ని గడులు జరిగింది. ఆ ఒక్క చుక్కతోనే తరచుగా రెండు ఆప్షన్లు కొట్టుకుపోతాయి. ఇంకో మాట, జిరాక్సుకు జిరాక్సు తీసిన పేపర్లు వాడకండి. గళ్లు నింపిన చోటు, నల్లగా నింపిన చోటు ఒకటైపోయి, బిడ్డ తప్పు చేసిందని మీరు తిడతారు, తప్పు జిరాక్సుది.

లెక్కల దగ్గరికొస్తే, ఆప్షన్లు ఊరికే ఇచ్చిన అంకెలు కావు. ఏ తప్పు చేస్తే ఏ జవాబొస్తుందో ఊహించి పెట్టినవి. పొదలకూరు నిమ్మ మార్కెట్టు లెక్క ఒకటి తీసుకుందాం. ఒక బస్తా 1,200 రూపాయలకు కొని, 80 రూపాయలు బండి కిరాయి పెట్టి, 1,450కి అమ్మితే లాభమెంత? కొన్న ధర 1,280, లాభం 170. కిరాయి మరిచిన బిడ్డకు 250 వస్తుంది, ఆ 250 ఆప్షన్లలో ఉంటుంది. జవాబు ఆప్షన్లలో కనపడింది కాబట్టి సరైనదనే ధీమా అన్నిటికన్నా చేటు.

ఇలాంటివి గట్టిగా ఐదారు ఉంటాయి. 3 కిలోల 50 గ్రాములను 3.5 కిలోలని రాస్తారు, 3.05 అవ్వాలి. కారణం దశాంశం రాకపోవటం కాదు, 50 గ్రాములు కిలోలో ఎంత భాగమో చేతికి తెలియకపోవటం. ఆత్మకూరులో 9:45కి బయలుదేరిన బస్సు నెల్లూరుకు 11:10కి చేరిందంటే ప్రయాణం ఎంతసేపు? 1 గంట 25 నిమిషాలు. మామూలు తీసివేత చేసినవాళ్లకు 1.65 వస్తుంది, ఎందుకంటే అప్పు తెచ్చింది 60 కాదు, 100. ముందు 10కి 15 నిమిషాలు, అక్కడినుంచి 11కి గంట, ఆపైన 10 నిమిషాలు అని ఎక్కుతూ పోవటం నేర్పండి, తీసివేత ఊసే వద్దు. 0.4ను 0.2తో గుణిస్తే 0.8 కాదు, 0.08. 18 ÷ 3 × 2 అంటే 12. గుణకారం ముందు చేసినవాళ్లకు 3 వస్తుంది. భాగహారం, గుణకారం రెండింటికీ సమాన హోదా, ఎడమ నుంచి వచ్చింది ముందు. 3/7, 5/12లో ఏది పెద్దది అంటే అడ్డంగా గుణించాలి: 36, 35. కాబట్టి 3/7. ఉప్పుమడి పొడవు 40 మీటర్లు, వెడల్పు 25. చుట్టూ తీగ రెండు వరసలు కట్టాలంటే? 130 దగ్గర ఆగిపోతారు, జవాబు 260. "రెండు వరసలు" అన్న మాట కింద గీత గీసి ఉంటే ఆగరు.

అందుకే తప్పుల పుస్తకం ఒకటి పెట్టించండి. అందులో లెక్క మొత్తం ఎక్కించక్కర్లేదు, తప్పు ఏ రకమో ఒక్క ముక్క చాలు: "యూనిట్ మార్చలేదు", "కిరాయి కలపలేదు", "ఏది కాదు అని అడిగాడు". రెండు వారాలకొకసారి చూస్తే ఒకే తప్పు పదిసార్లు కనపడుతుంది. కొత్త మోడల్ పేపరు కొనటం కన్నా ఆ ఒక్కటి మాన్పించటం లాభం.

భాషలో నాలుగు పేరాలు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, 25 మార్కులకు అది అన్యాయం. అసలు చిక్కు దరఖాస్తు నాడే ఉంది. మీరు ఏ భాష ఎంచుకుంటే లెక్కల ప్రశ్నలూ ఆ భాషలోనే వస్తాయి. మన పిల్లలు బడిలో ఎల్సీఎం, ఏరియా అని చదివి, పరీక్షలో క.సా.గు., వైశాల్యం చూసి గుటకలు మింగుతారు. ఇంగ్లిషు మీడియమని ఇంగ్లిషు టిక్కు పెడితే పేరా చదివి అర్థం చేసుకోలేరు. ఏ భాషలో బిడ్డ కొత్త పేరాను నిమిషంన్నరలో చదివి, కథేమిటో తన మాటల్లో చెప్పగలదో అదే ఎంచుకోండి. తెలుగైతే క.సా.గు., గ.సా.భా., భిన్నం, చుట్టుకొలత, లంబకోణం లాంటి మాటలు ఓ నలభై జాబితా రాసి గోడకు అంటించండి. రోజూ పేపరులోంచి ఒక చిన్న వార్త బయటికి చదివించండి. జవాబు పేరాలో ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపిస్తేనే మార్కు ఇవ్వండి. పిల్లలు తమకు తెలిసిన లోకజ్ఞానంతో జవాబు చెప్పేస్తుంటారు.

రోజుకు గంటన్నర చాలు, పదేళ్ల బిడ్డకు అంతకన్నా పట్టదు. పరీక్ష తేదీ ఏటా మారుతుంది: 2025 ప్రవేశాలకు జనవరి 18న పెట్టారు, 2026 ప్రవేశాలకు 2025 డిసెంబరు 13నే. కాబట్టి డిసెంబరు లెక్కనే సిద్ధం కావాలి. నాలుగో తరగతి వేసవిలో ఎక్కాలు, భిన్నాలు. దసరాకు సిలబస్ అయిపోవాలి. ఆ తర్వాత వారానికి ఒక పూర్తి పేపరు, అదీ ఆదివారం 11:30 నుంచి 1:30 దాకా, అసలు పరీక్ష వేళకే. బొమ్మలకు 35 నిమిషాలు, భాషకు 28, లెక్కలకు 42, మిగిలిన 15 వదిలేసిన వాటికి. లెక్కలు చివర పెట్టటం నా పట్టుదల; ముందు పెడితే ఒక్క మొండి లెక్క పది బొమ్మల టైము మింగేస్తుంది.

సైనిక్ స్కూలుకు కూడా రాయించేవాళ్లు ఒకటి గమనించాలి. కోరుకొండ, కలికిరి లాంటి వాటి ఆరో తరగతి పరీక్షలో 300 మార్కులకు లెక్కలే 150, జనరల్ నాలెడ్జి మరో 50. నవోదయ తయారీతో అది సగమే నిండుతుంది, లెక్కల్లో ఇంకో మెట్టు ఎక్కాలి.

ఇక ఓఎంఆర్, అంటే గుండ్రాలు దిద్దే జవాబు షీటు. నీలం లేదా నలుపు బాల్ పెన్ను, జెల్ వద్దు, చెమట చేతికి అలుక్కుపోతుంది. ఒకసారి దిద్దాక మార్చే వీలు లేదు. రబ్బరు, వైట్నర్ కుదరవు. ఇంట్లో పెన్సిలుతో చేసిన బిడ్డకు ఇది తెలియదు, అందుకే మొదటి మాక్ పేపరు నుంచే పెన్నుతో దిద్దించండి. ఘోరం జరిగేది ప్రశ్న వదిలేసినప్పుడు. 17 వదిలి 18 చేసి, ఆ జవాబును 17వ వరసలో దిద్దితే అక్కడినుంచి కిందవన్నీ ఒక వరస పైకి జరిగిపోతాయి. అన్నీ చేసి చివర దిద్దుదామనుకునేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. ఒక్కో ప్రశ్న చేయగానే నంబరు పైకి చదువుకుని దిద్దాలి, ప్రతి ఐదో ప్రశ్న దగ్గర బుక్‌లెట్ నంబరు, షీటు నంబరు సరిచూడాలి. వదిలిన ప్రశ్నకు బుక్‌లెట్లో చుట్టూ గీత గీయాలి. చివరి మూడు నిమిషాల్లో ఆ చుట్లన్నిటికీ ఏదో ఒక గుండ్రం దిద్దేయాలి, తప్పుకు కోత లేదు గదా.

పరీక్షకు ముందు రోజు సెంటరు ఒకసారి చూసిరండి. హాల్‌టికెట్టు రెండు కాపీలు, పెన్నులు రెండు. పొద్దున తొమ్మిదిన్నరకు ఇడ్లీ పెట్టండి, పులిహోర, బిర్యానీ వద్దు. పన్నెండున్నరకు దాహమేసి నీళ్లకోసం చూస్తారు. గేటు లోపలికి పోయేముందు బాత్రూముకు తీసుకుపోండి.