మీ ముక్కు షేపే అలాంటిది మేడం

స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, అని తేలేసరికి నాకు యాభై దాటాయి. అంతకుముందు ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరూ చెప్పలేరు. పొద్దున లేస్తూనే తలనొప్పి, బడిలో మధ్యాహ్నం పీరియడ్‌కి కళ్లు మూతలు పడటం, మందులు వాడుతున్నా దిగని బీపీ. ఒక డాక్టరు థైరాయిడ్ అన్నారు. ఇంకొకరు ముట్లుడిగే వయసు కదా అని విటమిన్లు రాశారు. గురక వస్తుందా అని ఒక్కరూ అడగలేదు. మగవాళ్లనైతే మొదట అదే అడుగుతారు. ఇంట్లో మా అత్తగారు మాత్రం "ఆడకూతురు ఇలా గురకెట్టడమేటమ్మా, పక్క పోర్షనోళ్లకి కూడా ఇనిపిస్తంది" అనేవారు. ఆ మాట పట్టుకుని, చుట్టాలింట్లో పెళ్లికి వెళ్తే రాత్రి పడుకోకుండా గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని.

ఒంటికి వైర్లు అంటించి ఒక రాత్రి నిద్ర పరీక్ష చేశారు. గంటకి 30 సార్లు, ఆపైన ఊపిరి ఆగినా, బాగా తగ్గినా తీవ్రమైన జబ్బు కింద లెక్క. నాది ఆ గీత దాటింది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పొద్దున్నకి మనకేమీ గుర్తుండదు. సీపాప్ మిషన్ ఒత్తిడితో గాలి పంపి ఆ దారి మూసుకోకుండా చూస్తుంది. మిషన్‌తో నాకు ఏ ఇబ్బందీ లేదు. నన్ను ఏడిపించింది ఆ గాలిని ముక్కుకి అందించే మాస్క్.

మొదట ఇచ్చింది ముక్కు మీద కూర్చునే రకం. దాని సిలికాన్ అంచు సరిగ్గా నా ముక్కుపుడక మీదికొచ్చేది. ఆ సందులోంచి గాలి లీకై కంట్లోకి కొట్టేది. పొద్దున్నకి కళ్లు ఎర్రగా, ముక్కు దూలం మీద పుండు. లీకు ఆపాలని పట్టీలు బిగిస్తే పుండు పెరిగేది, వదులు చేస్తే మిషన్ రాత్రంతా బుస్సుమనేది. మన విశాఖ ఉక్కపోతకి చెమట పట్టి అంచు జారిపోయేది. మిషన్ అమ్మిన ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నిమిషంలో చూసేసి అన్నాడు: "మాస్క్‌లో ఏ లోపమూ లేదు మేడం, మీ ముక్కు షేపే అలాంటిది. ఆ పుడక తీసేయండి." అది మా అమ్మ పెట్టిన పుడక. తీయాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. డబ్బు కట్టి, నిద్రలేక, పుండుతో ఉన్న మనిషితో అనే మాటేనా అది? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తర్వాత నోరూ ముక్కూ కప్పే పెద్ద మాస్క్ ఇచ్చి వెళ్లాడు. దాని గురించి ఒక్క మాట చెప్పలేదు.

ఆ రాత్రి మావారికి సి షిఫ్టు, అంటే నైట్ డ్యూటీ. అమ్మాయి హైదరాబాదులో ఉంది. బయట తుఫాను వాన. ఎప్పుడు పోయిందో కరెంటు పోయింది, ఇన్వర్టరు కూడా దిగిపోయింది. మెలకువ వచ్చేసరికి మిషన్ చప్పుడు లేదు, ఫ్యాను లేదు, నా ఊపిరే వేడిగా నా ముఖానికి కొడుతోంది. గాలి ఆడట్లేదనిపించింది. లాగితే మాస్క్ రాలేదు. వెనక పట్టీ వెల్క్రోలో జడ చిక్కుకుంది. అరుద్దామంటే మాట మాస్క్‌లోనే ఉండిపోయింది. మంచం పక్కనున్న స్టీలు చెంబుని చేత్తో తోసేశాను. ఆ చప్పుడుకి పక్క గదిలోంచి మా అత్తగారు ఫోను లైటు వేసుకుని వచ్చారు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. చిక్కు తీయడానికి చూడలేదు, కత్తెర తెచ్చి పట్టీ, దాంతోపాటు పిడికెడు జుట్టు కోసేశారు. "భయం లేదమ్మా, నేనున్నాను కదా" అంటూ తెల్లారేదాకా నా వీపు రాస్తూ కూర్చున్నారు. నా గురక గురించి వీధంతా చెప్పింది ఈవిడే. ఆ కోపం పోలేదు. ఆ చేతిని మాత్రం నేను బతికున్నంతకాలం మర్చిపోను.

తర్వాత ఊపిరితిత్తుల డాక్టరమ్మ చెప్పాక తెలిసింది. పెద్ద మాస్క్ ముందు భాగంలో చిన్న రెక్కలాంటి వాల్వ్ ఉంటుంది. మిషన్ ఆగి ఒత్తిడి పడిపోగానే అది తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. గొట్టం కలిసే చోట నొక్కితే ఊడొచ్చే క్లిప్ కూడా ఉంటుంది. ఆ కుర్రాడు ఒకసారి మిషన్ ఆపి, వాల్వ్‌తో ఎలా ఊపిరి తీసుకోవాలో చూపించి ఉంటే ఆ రాత్రి నాకు ప్రాణం పోయినంత భయం ఉండేది కాదు.

ఆవిడే ఇంకో సంగతి చెప్పారు. ఈ చికిత్స 1980లో సిడ్నీలో కొలిన్ సల్లివాన్ అనే డాక్టరు మొదలుపెట్టారు. తొలి రోజుల్లో రోగి ముక్కుకి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఫైబర్‌గ్లాస్‌తో ఎవరి మాస్క్ వాళ్లకి చేసి, ప్రతి రాత్రీ సిలికాన్ జిగురుతో అతికించేవారట. అంటే మొదటి రోజునే ముఖాన్ని బట్టి మాస్క్ చేశారన్నమాట! ఇన్నేళ్ల తర్వాత నా ముక్కుదే తప్పని ఎలా అంటారు?

డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, గాలి ఆన్ చేసి, పక్కకి తిరగమని, ఒక్కో రకం పెట్టి చూశారు. ముక్కు రంధ్రాల్లో పెట్టే చిన్న దిండ్లలాంటి రకం పుడక మరకి ఒరుసుకుంది. చివరికి ముక్కు కింద ఆనే రకం కుదిరింది. దూలాన్ని ముట్టుకోదు, పుడక జోలికి రాదు. గొట్టం నడినెత్తి మీంచి వెళ్తుంది, పక్కకి తిరిగినా లాగదు. జడ పైకి ముడేసి పట్టీ కింద నుంచి పోనిస్తాను. ఇప్పుడు తలనొప్పి లేదు, బీపీ మందు తగ్గించారు. మార్గశిర గురువారం బురుజుపేట వెళ్లి కనకమహాలక్ష్మి తల్లికి నా చేత్తో పసుపు కుంకుమ పెట్టి వచ్చాను. ఆ తల్లి దయ లేకపోతే ఆ డాక్టరమ్మ నాకు దొరికేవారు కాదు.

కొత్తగా తీసుకునేవాళ్లు పడుకుని, గాలి ఆన్‌లో ఉండగానే సైజు చూసుకోండి. లీకు వస్తే ముందు పట్టీ వదులు చేసి, అంచు సరిచేసి చూడండి. రాత్రి ముఖానికి నూనె, వాజిలిన్ వద్దు. సిలికాన్ భాగాన్ని రోజూ తేలికపాటి సబ్బుతో కడగండి. మాస్క్ మీది సన్నని చిల్లులు మనం వదిలిన గాలి పోవడానికే, వాటిని మూయకండి. కొన్ని రకాల క్లిప్పుల్లో అయస్కాంతం ఉంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి.

మన స్టీల్‌ప్లాంటు పక్కనే వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వెంటిలేటర్లు చేసిన చోటు. పుడక పెట్టుకున్న ముక్కుకి, మీసమున్న మూతికి, చెమట పట్టే చర్మానికి, పొడుగు జడకి సరిపోయే మాస్క్ ఇక్కడ చేయలేరా? నా మాస్క్ చేసిన కంపెనీకి పుడక సంగతంతా ఫోటోలతో సహా రాశాను. జవాబు రాలేదు. ఈసారి డాక్టరమ్మ చేత సంతకం పెట్టించి మళ్లీ పంపిస్తున్నాను.